నాలుగో పాదం

"రెండు చుక్కలేసుకోండి మేడం, క్లోజప్పులో బాగా కనబడుద్ది" అని కెమెరా అతను నా అరచేతిలో గ్లిజరిన్ సీసా పెట్టి వెళ్ళిపోయాడు. ఛీ. ముప్ఫై నాలుగేళ్ళుగా స్టేజి మీద పద్యం పాడుతున్న తెనాలి మాణిక్యాంబకు కన్నీళ్ళు సీసాలో పోసి ఇచ్చే రోజు వచ్చింది. ఆ సీసా మూత కూడా సరిగ్గా లేదు, వేళ్ళన్నీ జిగురైపోయాయి, ఆ జిగురు చేత్తోనే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని కూర్చున్నాను, రేపల్లెలో, మూడంతస్తుల మేడ ముందు, షామియానా కింద, ఐసు పెట్టెలో పడుకున్న బసవేశ్వరరావు గారికి రెండు గజాల దూరంలో. పెట్టె గుయ్యిమంటోంది. పొద్దున్నుంచీ అదే రొద, ఏ శ్రుతికీ చెందని రొద, పక్కన శశిధర్ హార్మోణియం ముట్టుకున్నప్పుడల్లా దానికీ దీనికీ పడక నా పళ్ళు జివ్వుమంటున్నాయి. ఆయన పెద్దల్లుడు కారులో వస్తున్నాడట, తెనాలి దాటాడట, ఇంకో గంట పడుతుందట. అల్లుడు దిగగానే పద్యం, పద్యం కాగానే పైకెత్తడం. అందాకా ఈ వేషంలో కూర్చోవాలి నేను. చిరిగిన తెల్లచీర, విరబోసిన జుట్టు, మొహానికి మసి. చచ్చిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని శ్మశానంలో ఏడ్చే తల్లి వేషం. స్టేజి దిగితే ఈ వేషానికి ముసలమ్మలు దణ్ణం పెట్టేవాళ్ళు. ఇక్కడ ఇడ్లీ ప్లేటు పట్టుకున్న ఒకాయన నా ముందు నిలబడి, పైనుంచి కిందిదాకా చూసి, "ఈవిడేనా?" అని పక్కవాణ్ణి అడిగాడు. ఈవిడే. చూసుకో నాయనా, నీ చొక్కా మీద చట్నీ కారుతోంది, అది కూడా చూసుకో.

వేషం వేసుకోవడానికి వీళ్ళు నాకు చూపించిన చోటు మోటారు షెడ్డు. లోపల కప్పుదాకా రొయ్యల మేత బస్తాలు. బసవేశ్వరరావు గారికి ముప్ఫై ఎకరాల చెరువులున్నాయట. ఆ మేత కంపు చీరకు పట్టేసింది, జుట్టుకు పట్టేసింది, ఇప్పుడు ఊపిరి పీల్చినప్పుడల్లా ఎండుచేపలు, అగరొత్తులు, సాంబారు, నా మెడ మీది చెమట, అన్నీ కలిసి లోపలికి పోతున్నాయి. పద్యానికి ఊపిరి కావాలి, కడుపులోంచి తీయాలి, ఈ గాలిని కడుపులోకి ఎలా తీసుకుంటాం? శ్రావణం పోయినా ఉక్క పోలేదు. ఎదురుగా ఫ్లెక్సీలో బసవేశ్వరరావు గారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ మూల నా ఫొటో. అవును, నా ఫొటోయే, పదేళ్ళ కిందటిది, కిరీటంతో! ప్రముఖ రంగస్థల నటీమణి మాణిక్యాంబ గారిచే పద్య నివాళి, ఉదయం పదకొండు గంటలకు. ఆయనకీ నాకూ మధ్య ఒక గులాబీ పువ్వు వేశాడు ఆ ఫ్లెక్సీ వాడు. దారినపోయేవాళ్ళు ఇద్దరమూ పోయామనుకున్నా వాళ్ళ తప్పేం లేదు.

నిన్న సాయంత్రం కరుణాకర్ ఫోను చేసినప్పుడే కట్ చేసి ఊరుకోవాల్సింది. కట్ చేశాను కూడా. కరుణాకర్ మాలాంటి వాళ్ళకు ప్రోగ్రాంలు తెచ్చిపెట్టే మనిషి, మంచివాడే, ఆ మంచితనమే చిరాకు. "అక్కా, రేపల్లెలో ఒక ప్రోగ్రాం" అన్నాడు. నాటకమా అన్నాను ఆశగా. సిగ్గులేని ఆశ. "నాటకంలాంటిదే అక్కా. వాళ్ళ పెద్దాయన పోయాడు. పెద్దావిడ కోటేశ్వరమ్మగారు నిన్నట్నుంచి ఒక్క చుక్క కన్నీళ్ళు పెట్టలేదంట. చుట్టాలు నోళ్ళు నొక్కుకుంటున్నారు. డాక్టరుగారేమో ఏడవకపోతే గుండె మీదకి వచ్చుద్దన్నాడంట. కొడుకు విష్ణువర్ధన్ భయపడిపోతున్నాడు. నువ్వు ఆ శ్మశానం పద్యం పాడితే ఆవిడ కదలకుండా ఉండుద్దా?" అని, నేను మాట్లాడేలోపే, "పదివేలు ముందే ఇస్తారు. ఆవిడ ఏడిస్తే ఇంకో పదిహేను" అన్నాడు. ఆవిడ ఏడిస్తే! కట్ చేశాను. మారీసుపేటలో నా అద్దె గదిలో పది నిమిషాలు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. తర్వాత నేనే ఫోను చేశాను. రెండు రింగులు కూడా పోనివ్వలేదు కరుణాకర్, చేస్తానని తెలిసినట్టే ఎత్తాడు. అదే నాకు ఎక్కువ మండింది.

పదిహేను వేలు. సోమవారం లోపల హాలుకు అడ్వాన్సు కట్టాలి, లేకపోతే ఆ రాత్రిని ఎవరిదో పెళ్ళి రిసెప్షనుకు ఇచ్చేస్తామని మేనేజరు చెప్పేశాడు. కార్తీకమాసంలో ఒక్క రాత్రి, తెనాలిలో, పూర్తి నాటకం, తెర లేచిన దగ్గర్నుంచి మంగళం పాడేదాకా, ఒక్క పద్యం కోయకుండా. తొమ్మిదేళ్ళుగా నా సొంత డబ్బుతో వేయిస్తున్నాను. ఎందుకూ అని అడగని మనిషి లేడు. పోయినేడు టిక్కెట్టు లేకుండానే డెబ్భైమంది వచ్చారు, ఒంటిగంటకు ముప్ఫైమంది ఉన్నారు, తెల్లారి తెర దించేసరికి నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో ఒకడు వాచ్‌మన్, ఒకడు మైకువాడు, ఇద్దరు నిజంగా విన్నవాళ్ళు. ఇద్దరి కోసం ఏడాదంతా గంగిరెద్దులా ఊళ్ళు తిరిగి బిట్లు వేస్తాను. బిట్లు! ఆ మాట నోట్లో పెట్టుకుంటేనే ఉమ్మేయాలనిపిస్తుంది. పది నిమిషాల ముక్క. అపార్ట్‌మెంట్ గృహప్రవేశానికో బిట్టు, ఎలక్షను మీటింగులో నాయకుడు వచ్చేలోపు జనం లేచిపోకుండా ఒక బిట్టు, సంగం జాగర్లమూడిలో కోళ్ళఫారం ప్రారంభోత్సవానికి కూడా వేశాను, కోళ్ళు నాకంటే పై స్థాయిలో అరిచాయి. పెళ్ళివాళ్ళయితే ఏడుపు బిట్టు వద్దమ్మా, నవ్వుతూ ఉండేది వేయండి అంటారు. నేను స్వయంవరం వేస్తాను, యాభై ఆరేళ్ళ పెళ్ళికూతుర్ని, ఎదురుగా బిర్యానీ ఎముకలు ఊస్తూ ఉంటారు. వాళ్ళకు ఏదీ చివరిదాకా అక్కర్లేదు. నాలుగు పాదాల పద్యంలో మూడు పాడి నాలుగోది గబగబా దింపేస్తే చాలు. ఆ నాలుగో పాదం కోసమే కదా పద్యం! అక్కడే గొంతు పై షడ్జానికి ఎక్కాలి, ఎక్కి నిలబడాలి, నిలబడి మెల్లగా దిగాలి. నాలుగేళ్ళయింది నేను బయట ఎక్కడా దాన్ని ఎక్కి. కార్తీకంలో ఆ ఒక్క రాత్రి తప్ప.

శశిధర్ మళ్ళీ హార్మోణియం మీద వేళ్ళు పెట్టాడు. నాలుగో శ్రుతి వేశాడు. నాలుగున్నర రా తమ్ముడూ, అంత ముసలిదాన్ని కాలేదింకా, అనబోయి ఆగాను. ఐసు పెట్టె అవతల చాప మీద కూర్చున్న పెద్దావిడ తలెత్తి హార్మోణియం వైపు చూసింది. కోటేశ్వరమ్మగారు. ఎర్రటి బొట్టు ఇంకా తీయలేదు, తెల్లవెంట్రుకల్లో ఎవరో పూలు దండిగా తురిమారు. బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ ఉంది పొద్దున్నుంచీ, జపం కాబోలు. హార్మోణియం మోగితే ఆ వేలు ఆగుతుంది. ఆపేస్తే మళ్ళీ మొదలు. చుట్టూ ఆడవాళ్ళు, వాళ్ళవాళ్ళ లెక్క ప్రకారం ఏడుస్తున్నారు, ఒకరు ఆపితే ఒకరు. కూతురు నీరజ ఆవిడ పక్కనే చేరి, వేలితో ఏదో తీసి తల్లి కళ్ళ కింద రాస్తోంది. ఘాటు నాదాకా వచ్చింది. తలనొప్పి బామ్! "ఏడమ్మా, కొంచెం ఏడు, ఆరోగ్యానికి మంచిదంట" అంటోంది చిన్నపిల్లకు మందు పట్టినట్టు. పెద్దావిడ కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు రాలేదు. పమిట చెంగుతో ఆ బామ్ తుడిచేసుకుని మళ్ళీ కణుపులు లెక్కపెట్టుకుంటోంది. వెనకనుంచి ఎవరో, "గుండె కాదమ్మా అది, బండరాయి" అన్నారు. వినబడేలాగే అన్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ రంగమ్మ పోయినప్పుడు మారీసుపేట వీధంతా అదే మాట అంది నన్ను. నాటకాల్లో అంత ఏడుపు ఏడుస్తుందే, సొంత తల్లికి ఒక్క చుక్క రాల్చలేదే, అని. రాల్చలేదు. ఏం చేయను? రాలేదు. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు తెర వెనక కూర్చుంది, చీరలకు తళుకులు కుడుతూ, మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసుకుని, నేను లోపలికి రాగానే మూతలో వంచి ఇచ్చేది, బాగుందనీ చెప్పేది కాదు, బాగాలేదనీ చెప్పేది కాదు, తాగు అనేది. తనని చాప మీద పడుకోబెట్టిన రోజు నేను పక్కన కూర్చుని ఏమనుకున్నానో చెబితే ఉమ్మేస్తారు. ఎల్లుండి ప్రోగ్రాం ఉంది, ఇప్పుడు ఏడిస్తే గొంతు పూడుకుపోతుంది, అనుకున్నాను. నా గొంతు నాకు అలా అలవాటు చేసింది. కాదు, మాస్టారు అలవాటు చేశారు. వెంకటరాఘవయ్య మాస్టారు, బాపట్లలో, సూర్యలంక పోయే రోడ్డులో ఆయన పెంకుటిల్లు. రోజూ తెల్లవారుజామున తెనాలిలో పాసింజరు ఎక్కి వెళ్ళేదాన్ని, మా అమ్మ కట్టిన పెరుగన్నం డబ్బాతో. ఆ శ్మశానం పద్యం మొదటిసారి చెప్పినప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చేసింది, ఇరవై రెండేళ్ళ పిల్లని, మూడో పాదంలోనే గొంతు వణికింది. మాస్టారు హార్మోణియం బెల్లోస్ ఠప్పున మూసేశారు. "ఏంటే ఆ ఏడుపు? నువ్వేడిస్తే ఎదుటోళ్ళేం చెయ్యాలి? వాళ్ళ పని నువ్వు చేసేస్తే వాళ్ళకి పనేముంది? శ్రుతి ఏది? కన్నీళ్ళు ముఖ్యమా శ్రుతి ముఖ్యమా?" శ్రుతేనండి, అన్నాను ముక్కు ఎగబీలుస్తూ. "ఏడుపు తుడుచుకుని రా. ఏడవకుండా పాడగలిగిన రోజు అది పద్యం." ఏడాది పట్టింది. ఇంకో మాట కూడా అన్నారాయన, అప్పుడు నవ్వొచ్చింది. "ఇది దుప్పటి చుట్టిన బొమ్మ మీద పాడే పద్యం అమ్మాయ్. నిజం శవం ముందు ఎన్నడూ పాడకు. పాడావో, ఇక నా గడప తొక్కకు." ఇప్పుడు గడపా లేదు, పెంకుటిల్లూ లేదు, ఆ చోట కార్లు కడిగే షెడ్డు వేశారు. కనక ఎవరికీ ద్రోహం చేయడం లేదని సర్దిచెప్పుకుంటూ కూర్చున్నాను, ఎండుచేపల కంపులో, గ్లిజరిన్ చేతులతో. పదివేలు పొద్దున్నే జాకెట్లో పెట్టుకున్నాను. చెమటకు తడిసి ఒంటికి అంటుకున్నాయి నోట్లు, కదిలితే గుచ్చుకుంటున్నాయి.

విష్ణువర్ధన్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో, తెల్లబట్టలు, కళ్ళు వాచి ఉన్నాయి, ఇతను మాత్రం నిజంగానే ఏడ్చాడు. నా ముందు వంగి, "బావగారు వచ్చేస్తున్నారమ్మా. మీరు కొంచెం అమ్మ దగ్గరకి జరిగి పాడండి. మొహంలోకి చూసి పాడండి. ఎలాగైనా అమ్మ ఏడవాలండి. నాకు నాన్న పోయింది చాలు" అన్నాడు. ఇతన్ని తిట్టుకోవడానికి వీల్లేకుండా చేశాడు, అదొక చిరాకు. అలాగే బాబూ, అన్నాను. అతని వెనకనుంచి కరుణాకర్ నాకు రెండు వేళ్ళు కళ్ళ దగ్గర పెట్టి కిందికి జార్చి చూపించాడు, నీళ్ళు, నీళ్ళు, అని. ఛీ, వీడి దుంప తెగ.

అల్లుడి కారు వచ్చింది. దిగాడు, గొల్లుమన్నారు, దండ వేశాడు, కెమెరా అతను ఇంకోసారి వేయండి సార్ యాంగిల్ రాలేదు అన్నాడు, తీసి మళ్ళీ వేశాడు. మామగారి మెడలో కాదులెండి, పెట్టె అద్దం మీద. తర్వాత మైకు నా చేతికిచ్చారు. నేను లేచి పెద్దావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. సీసా ఎత్తాను. రెండు చుక్కలు వేసుకున్నాను. వేసుకున్నాను, అవును, చెంపల మీద జారాయి, తియ్యగా పెదాలకు తగిలాయి, కెమెరా మొహం మీదకి వచ్చింది. శశిధర్ నాలుగు వేశాడు, పోనీలే అనుకున్నాను. మొదటి పాదం ఎత్తుకున్నాను. రెండోది. ఆడవాళ్ళ ఏడుపు పెరిగింది. మూడోది. ఎవరో సెల్‌ఫోన్లు ఎత్తారు. నాలుగోదానికి వచ్చేసరికి అలవాటు ప్రకారం, బిర్యానీల ముందు దింపినట్టే, కోళ్ళఫారంలో దింపినట్టే, పైకి పోకుండా కిందికి మడిచి దించేశాను. చప్పట్లు కొట్టబోయి ఒకడు ఆపుకున్నాడు. పెద్దావిడ నన్నే చూస్తోంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. వేలు కణుపు మీద ఆగి ఉంది.

"అమ్మాయ్" అంది. నీరజ ఒక్కసారిగా ముందుకు వచ్చింది, అమ్మ మాట్లాడుతోంది, అమ్మ మాట్లాడుతోంది, అని. ఆవిడ కూతుర్ని చేత్తో పక్కకు నెట్టి నన్ను దగ్గరకు రమ్మంది. చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. "ఎక్కాల్సిన చోట దిగిపోయావేంటి? గొంతు లేకనా, మనసు లేకనా?" నా చెంపల మీద గ్లిజరిన్ ఉంది, దాని కింద మొహం మండిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళలో మాస్టారు తప్ప నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "మీకు తెలుసాండి ఈ పద్యం?" అన్నాను. "మూడు పాదాలు తెలుసు" అంది ఆవిడ. "మాది భట్టిప్రోలు. మా పుట్టింటికెళ్ళినప్పుడు మిల్లు ఆవరణలో నాటకం వేశారు. నువ్వే. సన్నగా ఉండేదానివి. ఈ పద్యం మూడో పాదంలో ఉన్నావు, ఈయన వెనక నుంచి వచ్చి జబ్బ పట్టుకుని, లేవ్వే, పొద్దున్నే కోతలున్నాయి, అని లేపేశాడు. ట్రాక్టరు తొట్టిలో కూర్చుని చెవులు రిక్కించాను, మైకు వినబడుద్దేమోనని. ఈయన ట్రాక్టరు స్టార్టు చేశాడు. ఆ మోతలో ఏం వినబడుద్ది?" ఆగి, ఐసు పెట్టె వైపు ఒకసారి చూసింది, కోపంగా కూడా కాదు. "మళ్ళీ ఎన్నడూ పంపలేదు. టీవీలో కూడా చివరికొచ్చేసరికి వార్తలు పెట్టేవాడు. ఇన్నేళ్ళకు నువ్వే ఇంటికొచ్చావు. వచ్చి కోసేశావు."

అప్పుడు ఆవిడ నా చేతిలోంచి మైకు తీసుకుంది. తనకు పట్టుకోవడం రాదు, అడ్డంగా పట్టుకుంది. "ఒరే విష్ణూ, ఆ పెట్టె ఆపరా, గుయ్యిమంటోంది" అంది, అది స్పీకర్లలోంచి రేపల్లె వీధికంతా వినబడింది. విష్ణువర్ధన్ తెల్లబోయాడు. అమ్మా, నాన్నకి ఐసు, అన్నాడు. "కాసేపు ఆపితే ఆయనకేం కాదు. ఆపు." ఆపారు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం! కాలవ గట్టు మీద ఎక్కడో ఆటో వెళ్ళడం కూడా వినబడింది. నేను శశిధర్ వైపు చూశాను. "ఐదు వెయ్" అన్నాను. "అక్కా, అందదేమో" అన్నాడు భయంగా. వెయ్యరా అని, పెద్దావిడ చేతిలోంచి మైకు తీసుకున్నాను.

పాడాను. మొదటిది, రెండోది, మూడోది. మూడో పాదం చివర, ఎక్కడయితే ఆవిణ్ణి లేపేశారో అక్కడ, ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు బామ్ ఘాటు ముక్కుకు తగిలింది. ఎక్కడినుంచో మిరియాలు గుర్తొచ్చాయి. ఫ్లాస్కు మూత గుర్తొచ్చింది. తెర వెనక నుంచి మూత పట్టుకుని చాచిన చెయ్యి, దాని మీద సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు. అయ్యో అమ్మా, నీకు ఒక్క చుక్క కూడా పెట్టలేదు కదే నేను! పై షడ్జానికి ఎక్కబోయిన గొంతు సగంలో పూడుకుపోయింది, గరగరమంది, చీలింది, శ్రుతి ఎక్కడికో పోయింది, నేను నేల మీద చేతులు పెట్టేసి పశువులా ఏడ్చాను, నిజంగా, ముక్కు కారుతూ, అసహ్యంగా. ఎన్నేళ్ళ ఏడుపో. అప్పుడు వెనక కుర్చీల్లోంచి, నాటకాలు బాగా చూసిన గొంతు, అలవాటు మీద, తన్మయంగా అరిచింది: "వన్స్ మోర్!" ఇంకొకడు అందుకున్నాడు. ఇంకో ఇద్దరు. వన్స్ మోర్, వన్స్ మోర్! శవం పక్కన! ఒకాయన లేచి వచ్చి నా జాకెట్టు భుజానికి ఐదొందల నోటు పిన్నీసుతో గుచ్చాడు. పిన్నీసు చర్మానికి తగిలింది. అంత దరిద్రంగా నేను ఎన్నడూ పాడలేదు, అంత శ్రుతి తప్పి ఎన్నడూ పాడలేదు, ఆ పాటకే నాకు జీవితంలో పెద్ద వన్స్ మోర్.

పెద్దావిడ మాత్రం మొహం చిట్లించింది. వంగి నా భుజం మీది పిన్నీసు తీసి, నోటుతో సహా పక్కన పడేసింది. "ఏడుపు తుడుచుకో అమ్మాయ్. శ్రుతి పోయింది" అంది. మాస్టారు అన్న మాటే. అచ్చం అదే. నేను ఆ చిరిగిన చీర కొంగుతో మొహం తుడుచుకున్నాను, కన్నీళ్ళూ గ్లిజరిన్ రెండూ పోయాయి, మసి కూడా పోయింది. కరుణాకర్ వంగి, "చాలక్కా, ఆవిడ ఏడవదు, బాడీ లేపాలి, టైమైపోయింది" అన్నాడు చెవిలో. విష్ణువర్ధన్ తల్లి జబ్బ పట్టుకున్నాడు. "లేమ్మా, పాడెవాళ్ళు వచ్చారు." ఆవిడ ఆ చెయ్యి విడిపించుకుంది. "ఉండరా. ఇవాళ కూడా మధ్యలో లేపుతావా?" అంది. అతనికి ఏం అర్థమయిందో, కానీ చెయ్యి తీసేసి తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు.

మైకు పక్కన పెట్టేశాను. కెమెరాకు వీపు పెట్టుకుని ఆవిడకు ఎదురుగా కూర్చున్నాను. మూడు పాదాలు నేల మీద నడిచినట్టు నడిపి నాలుగోది అందుకున్నాను. ఎక్కింది. ఎండుచేపల గాలినే కడుపునిండా పీల్చుకుని ఎక్కాను, నిలబడ్డాను, ఇక ఊపిరి లేదు అనిపించాక ఇంకొంచెం నిలబడ్డాను, తర్వాత ఒక్కొక్క మెట్టూ దిగాను. చివర షడ్జంలో వదిలిపెట్టాను. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆవిడవీ. ఈసారి ఎవరూ వన్స్ మోర్ అనలేదు, కొందరు సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు, ఒకావిడ ఏంటో ఇందాకటంత బాగాలేదు అంది. కోటేశ్వరమ్మగారి వేలు కణుపుల మీద కదలలేదు. తర్వాత కొడుకుతో, "ఊఁ. తీసుకెళ్ళండి" అంది.

తిరుగు ఆటోలో భట్టిప్రోలు దాటాం. కరుణాకర్, "ఏడిపించలేకపోయావు కదక్కా. విష్ణువర్ధన్ ఇస్తానన్నా వాళ్ళ బావ ఒప్పుకోలేదు. పదిహేనూ పోయినట్టే" అన్నాడు. పోనీ అన్నాను. పదివేలతో హాలు రాదు, అది నాకు తెలుసు, సోమవారం ఆ రాత్రి ఎవరి రిసెప్షనుకో వెళ్ళిపోతుంది, బహుశా నన్నే స్వయంవరం బిట్టుకు పిలుస్తారు కూడా. ఒళ్ళంతా మేత కంపు కొడుతూనే ఉంది. ఎదురుసీట్లో శశిధర్ హార్మోణియం పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, అడగనా వద్దా అని చూసి చూసి అడిగాడు. "మరి కార్తీకంలో మన నాటకం ఎట్లాగక్కా?"

"అయిపోయింది తమ్ముడూ" అన్నాను. "ఈ ఏడు చివరిదాకా కూర్చున్నది ఒక్కరే."